గుట్టు మనది, కాపలా ఎవరిది?

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. పది రోజులు తిరగకుండానే, ఏప్రిల్ 1న, ఫరీదాబాద్ నుంచి ఇదే వ్యాపారం నడిపిన మరో వ్యక్తిని అరెస్టు చేశామని ప్రకటించారు. ఈసారి లెక్క 66.9 కోట్లు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన వ్యక్తులు, సంస్థల వివరాలవి. కార్డుదారులు వేరు, బీమా పాలసీదారులు వేరు, రక్షణ ఉద్యోగులు వేరు. సరుకును సైజుల వారీగా సర్దినట్టు జాబితాలు కట్టి పెట్టారు.

ఆ జాబితాల్లో పేరున్నవాళ్లు చేసిన తప్పేమిటి? ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఏ లింకూ నొక్కలేదు. ఎక్కడో ఒక దరఖాస్తు నింపారు, అంతే.

పదేళ్లుగా బ్యాంకులు, పోలీసులు, సినిమా తారలు కలిసి జనానికి నూరిపోస్తున్నది ఒకే మాట: మీ పిన్ చెప్పకండి, ఓటీపీ చెప్పకండి, అపరిచితులను నమ్మకండి. అవసరమైన మాటే, కాదనను. 2024 ఒక్క ఏడాదిలోనే సైబర్ మోసాల వల్ల దేశ ప్రజలు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో మాటలకు పడిపోయి ఇచ్చేసిన డబ్బు చాలానే ఉంది. కానీ ఫోన్ చేసినవాడు మన పేరు, బ్యాంకు పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు ముందే చెబితేనే కదా మనం నమ్మేది! అవి వాడికి ఎలా తెలిశాయి అన్న ప్రశ్న దగ్గరే ఈ సమస్య మొదలవుతుంది. వివరాలు సేకరించి దాచుకున్నవాళ్ల దగ్గర జరిగే లోపం ఒకటి, ఖాతాదారుడి ఏమరుపాటు ఇంకొకటి. మొదటిదాన్ని వదిలి రెండోదాని గురించే మాట్లాడుతూ వచ్చాం.

ఇన్నేళ్ల నిబంధనలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అవసరం లేనివాడి చేతిలోంచి సమాచారాన్ని తీసేసిన నియమాలు ఫలించాయి. ‘జాగ్రత్తగా ఉంచండి’ అని చెప్పి ఊరుకున్నవి చాలావరకు కాగితం మీదే మిగిలాయి.

బ్యాంకుకు ఇచ్చిన కాగితం ఎవరిది అన్న తగవు ఒకసారి తెలుగు నేల నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టారేమో చూడటానికి కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల దస్తావేజులు తనిఖీ చేయవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, స్వాధీనం కూడా చేసుకోవచ్చు అన్నది ఆ సవరణ. బ్యాంకులు ఎదురు తిరిగాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2004 నవంబర్‌లో, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన కేసులో, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన ఆ కాగితంపై మనిషికి ఉన్న గోప్యత పోదని, గోప్యత స్థలానిది కాదు, మనిషిదని చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో ఇందుకు విరుద్ధంగా చెప్పింది. మన న్యాయమూర్తులు ఆ దారిన పోలేదు. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 పుట్టస్వామి తీర్పులోనూ ఈ కేసు చర్చకు వచ్చింది. అంటే సూత్రం మనకు ఇరవై ఏళ్ల కిందటే స్థిరపడింది. ఆచరణే వెనకబడింది.

ఎంత వెనకబడిందో 2016లో తేలింది. ఆ ఏడాది మే, జులై మధ్య ఏటీఎంలు, స్వైపింగ్ మిషన్లను నడిపే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ వ్యవస్థలోకి మాల్వేర్ చొరబడింది. దాదాపు 32 లక్షల డెబిట్ కార్డులు ప్రమాదంలో పడ్డాయి. ఒక్క స్టేట్ బ్యాంకే ఆరు లక్షల కార్డులు రద్దుచేసి కొత్తవి ఇచ్చింది. మామూలు జనానికి సంగతి తెలిసింది అక్టోబర్‌లో! ఏటీఎంలో డబ్బు తీసుకోవడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. తమ బ్యాంకు వెనక ఇంకో సంస్థ ఉందనే వాళ్లకు తెలియదు. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మాస్ బ్యాంకు నుంచి 94 కోట్లు పోయాయి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు వంతు వచ్చింది. ఉద్యోగులకు రెండు వందలకు పైగా వల ఈమెయిళ్లు పంపారు. ఇద్దరు వాటిని తెరిచారు. కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా దొంగలకు చేరవేసే ప్రోగ్రామ్ లోపలికి చేరింది. 12 కోట్లకు పైగా సొమ్ము వారాంతంలో బయటికి పోయింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల జరిమానా వేసింది. ఇక్కడ గమనించాల్సింది సైబర్ నైపుణ్యం సంగతి కాదు. రెండు వందల ఈమెయిళ్లలో ఇద్దరు తెరవడం మానవ సహజం. ఒక గుమస్తా పొరపాటు నేరుగా ఖజానా దాకా దారి తీయకుండా మధ్యలో గోడలు కట్టడం యాజమాన్యం పని. ఆ గోడలు లేవు.

సరిగా కట్టిన గోడ ఎలా ఉంటుందో చూడాలంటే కార్డు టోకెన్ల కథ చెప్పుకోవాలి. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో ఏదైనా కొంటే, మన కార్డు నంబరు, గడువు తేదీ ఆ అమ్మకందారు కంప్యూటర్లలో ఉండిపోయేవి. చీరలు అమ్మే సైటు దగ్గర, బస్సు టికెట్ల సైటు దగ్గర, భోజనం తెప్పించుకునే యాప్ దగ్గర, ఇలా ఒక్కో కార్డుకు పది చోట్ల నకళ్లు. ఏ ఒక్కచోట కన్నం పడినా నంబరు బయటికి వచ్చేది. రిజర్వు బ్యాంకు దీనికి ‘భద్రంగా దాచండి’ అని చెప్పలేదు. అసలు దాచుకోవద్దంది. కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కు తప్ప ఇంకెవరి దగ్గరా కార్డు నంబరు ఉండకూడదన్నది నియమం. అమ్మకందారుకు దొరికేది టోకెన్ అనే ఒక మారు నంబరు. అది ఆ కార్డుకు, ఆ దుకాణానికి మాత్రమే చెల్లుతుంది. దొంగిలించినా మరోచోట పనికిరాదు. గుర్తుపట్టడానికి కార్డు చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రం ఉంచుకోవచ్చు. వ్యాపార సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, అమ్మకాలు పడిపోతాయన్నాయి. గడువు పలుమార్లు జరిగింది. చివరికి 2022 అక్టోబర్ 1 నుంచి అమలైంది. వ్యాపారాలు మూతపడలేదు. కొనేవాళ్లలో చాలామందికి మార్పు జరిగిందనే తెలియలేదు. నా దృష్టిలో మన దేశంలో ఈ రంగంలో జరిగిన అత్యుత్తమమైన పని ఇదే. ఎందుకంటే ఇందులో ఖాతాదారుడు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు కార్డు వదిలి వేలిముద్ర దగ్గరికి రండి. ఇక్కడ సరిగ్గా దీనికి వ్యతిరేకం జరిగింది.

ఒక రిజిస్ట్రేషన్ దస్తావేజు చేతిలోకి తీసుకుని చూడండి. అమ్మినవారు, కొన్నవారు, ఒక్కొక్కరి ఫొటో, పక్కనే సిరా అద్దిన వేలిముద్ర. జతచేసిన కాగితాల్లో ఆధార్ నంబరు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇదంతా స్కాన్ అవుతుంది. భూమి లావాదేవీలు పారదర్శకంగా ఉండాలని ఆ నకళ్లను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఉద్దేశం మంచిదే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల డీలర్ ఆ దస్తావేజులు దించుకుని, అందులోని ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చులు తీశాడు. కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకోవడానికి, దస్తావేజుల్లో ఉన్నవాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అప్పటికి అది సిమ్‌ల కేసు. ఆ తర్వాత అదే కిటుకు బ్యాంకు ఖాతాల మీదికి మళ్లింది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా కూడా రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచే ముద్రలు తీసింది.

ఎందుకు మళ్లింది? ఆధార్‌తో నగదు ఇచ్చే పద్ధతి, అంటే ఏఈపీఎస్, అలా తయారైంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్కసారికి పదివేల దాకా తీయవచ్చు. బ్యాంకు బ్రాంచి లేని ఊళ్లో ముసలివాళ్లకు, ఉపాధి హామీ కూలీలకు ఇది నిజంగా మేలుచేసిన పద్ధతి. పది మైళ్లు నడిచే బాధ తప్పించింది. కానీ పిన్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం కదా! ఆ సంగతి తెలిసి కూడా ప్రభుత్వ శాఖ ఒకటి ఆ వేలిముద్రను నంబరుతో కలిపి జనం ముందు పెట్టింది. తర్వాత ముద్రలు కనబడకుండా చేయమని ఆధార్ సంస్థ రాష్ట్రాలకు చెప్పింది. 2023లో రబ్బరు ముద్రనూ బతికున్న వేలినీ వేరుచేసే పరీక్షను ప్రవేశపెట్టింది. అయితే అప్పటిదాకా దించుకున్న నకళ్లను వెనక్కి తెచ్చే మార్గం లేదు.

రబ్బరు ముద్ర అవసరం లేని మోసం ఇంకొకటుంది, మరింత సులువైనది. పింఛను డబ్బు కోసం పెద్దావిడ వస్తుంది. మిషన్ మీద వేలు పెడుతుంది. ‘పడలేదు పెద్దమ్మా, చెయ్యి తుడుచుకుని ఇంకోసారి పెట్టు’ అంటాడు మిషన్ దగ్గర కూర్చున్న అబ్బాయి. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. మొదటిసారే పడింది. రెండోసారి తీసిన డబ్బు వాడి జేబులోకి పోతుంది. రసీదు ఇవ్వడు, ఆమె అడగదు. ఫోన్‌కు మెసేజ్ వస్తుందా అంటే, ఖాతాకు ఇచ్చిన నంబరు ఎప్పుడో పట్నం వెళ్లిపోయిన కొడుకుది. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోమని మనకు సలహా ఇస్తారు. మీరూ నేనూ వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. ఆమెకు మాత్రం అది వీలుకాదు. ఆ వేలే ఆమెకు పింఛను. అందుకే ఇలాంటి చోట జాగ్రత్తలు చెప్పడం కంటే మిషన్ దగ్గర కూర్చున్నవాణ్ణి జవాబుదారీ చేయడం ముఖ్యం. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆ పని మొదలుపెట్టింది. ఏఈపీఎస్ ఆపరేటర్ ఎవరో బ్యాంకు పూర్తిగా విచారించాలి, వాళ్ల లావాదేవీలపై నిరంతరం కన్నేసి ఉంచాలి అన్న ఆదేశాలు 2026 జనవరి 1 నుంచి అమలుకు వచ్చాయి. ఆలస్యమే, అయినా సరైన దిక్కు.

కంప్యూటర్ల సంగతి ఇలా ఉంటే, కాగితం సంగతి ఎవరికీ పట్టనే పట్టదు. బ్యాంకు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపులో పది నిమిషాలు నిలబడి చూస్తే చాలు. వచ్చినవాళ్లు ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, రద్దుచేసిన చెక్కు ఫొటోలను షాపు వాట్సాప్‌కు పంపుతారు. అవన్నీ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి పడి ఉంటాయి. షాపు అబ్బాయికి చెడు ఉద్దేశం లేకపోవచ్చు, చెరిపేయాలన్న ఆలోచనే ఉండదు. ఆడిటర్ ఆఫీసుకు వెళ్లండి. వందలాది క్లయింట్ల ఆదాయపు పన్ను పాస్‌వర్డులు ఒకే ఎక్సెల్ షీటులో, ఆఫీసులో అందరికీ కనబడేలా ఉండటం చూశాను. చిట్‌ఫండ్ ఏజెంటు, బీమా ఏజెంటు, లోను ఇప్పిస్తానన్న మధ్యవర్తి, వీళ్లందరి సంచుల్లో మన సంతకాలతో సహా కాగితాలు ఉన్నాయి. బ్యాంకు నుంచి ఈమెయిల్‌లో వచ్చే స్టేట్‌మెంటుకు పాస్‌వర్డ్ ఏమిటి? చాలా బ్యాంకుల్లో పేరులోని మొదటి నాలుగక్షరాలు, పుట్టినతేదీ. ఆ రెండూ ఆ జిరాక్స్ కాగితం మీదే ఉన్నాయి. దీన్ని భద్రత అనడానికి నాకు నోరు రాదు.

2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటన చేసింది. సరైన సలహా. గగ్గోలు పుట్టేసరికి రెండు రోజుల్లో కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. అది పెద్ద పొరపాటని నా అభిప్రాయం. మాస్క్‌డ్ ఆధార్ ఇప్పటికీ ఉంది, క్యూఆర్ కోడ్ ఉంది. ఒకసారి ఇచ్చిన కేవైసీ పత్రాలు 14 అంకెల నంబరుతో అన్ని సంస్థలకూ అందేలా కేంద్రీయ కేవైసీ రిజిస్ట్రీ కూడా 2016 నుంచి ఉంది. అయినా ప్రతి కౌంటర్‌లో ‘జిరాక్స్ తెచ్చారా’ అన్న ప్రశ్నే.

లోన్ యాప్‌ల గురించి తెలంగాణ ప్రజలకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 చివర్లో వరస ఆత్మహత్యలు జరిగాకే ఆ వ్యాపారం బయటపడింది. అప్పు ఇచ్చేముందు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు లాగేసుకుని, వాయిదా ఆలస్యమైతే బంధువులందరికీ పరువు తీసే మెసేజ్‌లు పంపేవారు. 2022 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో రిజర్వు బ్యాంకు కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్ల జోలికి రుణ యాప్‌లు పోకూడదని తేల్చింది. టోకెన్ల సూత్రమే ఇక్కడా కనిపిస్తుంది: అక్కర్లేనిది తీసుకోవద్దు. అనుమతి లేని యాప్‌లు ఇంకా పుడుతూనే ఉన్నాయి కాబట్టి నియమం మాత్రమే చాలదు, కానీ నియమానికి లోబడ్డ సంస్థల తీరు మారింది.

నకిలీ బ్యాంకు వెబ్‌సైట్లను గుర్తుపట్టడానికి ఇప్పుడు ఒక గుర్తు వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ చిరునామాలు ఇచ్చే ఏకైక సంస్థ హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. అలాగే బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లకు మాత్రం ఏ గుర్తూ అక్కర్లేదు. ప్రభుత్వం గానీ బ్యాంకు గానీ అలా పంపదు, తెరవకండి.

ఇక నష్టం జరిగాక పరిస్థితి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రతి ఖాతాదారుడూ తెలుసుకోవాల్సింది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుడికి నష్టం సున్నా. లోపం బ్యాంకుదీ మనదీ కాక మధ్యలో ఎక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే అప్పుడూ సున్నానే. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే, మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా పదివేలు, బేసిక్ ఖాతాకు ఐదువేలు మనం భరించాలి. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీద ఉంది. కౌంటర్‌లో మాత్రం మొదట వినిపించే మాట ‘మీరే ఎవరికో ఓటీపీ చెప్పుంటారు’. చెప్పామని వాళ్లు నిరూపించాలి, చెప్పలేదని మనం కాదు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అంతకంటే ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. డబ్బు దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోకముందే ఆపగలిగితేనే దొరుకుతుంది. ఈ సర్క్యులర్‌లోనూ ఒక కన్నం ఉంది. మూడు పనిదినాల లెక్క బ్యాంకు కబురు అందిన మరుసటి రోజు నుంచి మొదలవుతుంది. ఏ మెసేజూ అందని పెద్దావిడ ఆరు నెలలకోసారి పాస్‌బుక్ వేయించుకుంటే, ఆమెకు కబురు ఎప్పుడు అందినట్టు? దీనికి సూటి జవాబు రావాలి.

చివరిగా చట్టం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలలు, అంటే 2027 మే దాకా గడువు. సమాచారాన్ని కాపాడటంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. లీకు జరిగితే బాధితుడికి చెప్పి తీరాలి. 2016లో జరిగినట్టు నెలల తరబడి దాచడం అప్పటినుంచి కుదరదు. ఇవి మంచి మార్పులు. 2024 సెప్టెంబర్‌లో స్టార్ హెల్త్ బీమా సంస్థ ఖాతాదారుల పాలసీ, క్లెయిమ్ పత్రాలు టెలిగ్రామ్‌లో అడిగినవాడికి అడిగినట్టు దొరికినప్పుడు ఇలాంటి చట్టం ఎంత అవసరమో తెలిసింది.

కానీ రెండు లోపాలు చెప్పక తప్పదు. ఐటీ చట్టం కింద 2011లో చేసిన నియమాలు బ్యాంకు ఖాతా, కార్డు వివరాలు, పాస్‌వర్డులు, వేలిముద్రలను సున్నితమైన సమాచారంగా విడిగా పేర్కొన్నాయి. కొత్త చట్టంలో ఆ విభజనే లేదు. ఫోన్ నంబరుకూ వేలిముద్రకూ ఒకే కొలమానం. రెండోది ఇంకా పెద్దది. ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్, నిర్లక్ష్యం చేసిన సంస్థ నుంచి బాధితుడు పరిహారం కోరే వీలు కల్పించింది. కొత్త చట్టం ఆ సెక్షన్‌ను తీసేస్తోంది. దాని స్థానంలో వచ్చే జరిమానా మొత్తం భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. వివరాలు పోయినవాడికి ఒక్క రూపాయి వచ్చే దారి ఈ చట్టంలో లేదు.

2027 మే వరకు సమయముంది. పరిహారం హక్కును తిరిగి చట్టంలో చేర్చమని, వేలిముద్రలకూ ఖాతా వివరాలకూ ప్రత్యేక రక్షణ పెట్టమని మీ పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాయండి. ఈలోగా ఎవరైనా ఆధార్ జిరాక్స్ అడిగితే, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అని అడిగి, మాస్క్‌డ్ కాపీ మీద తేదీ, ఏ పనికో రాసి మరీ ఇవ్వండి.